క్యాథెటర్ ద్వారా గుండె కవాట మార్పిడి: కాలక్రమం, ప్రాంతీయ వ్యత్యాసాలు

1. ఉపోద్ఘాతం

వైద్యచరిత్ర రచనలో ఆవిష్కర్తలకు దక్కినంత స్థానం ఆవిష్కరణల వ్యాప్తికి దక్కలేదు. ఛాతీని కోయకుండా, తొడలోని రక్తనాళం గుండా క్యాథెటర్ అనే సన్నని గొట్టాన్ని పంపి గుండెలో కొత్త కవాటాన్ని అమర్చే చికిత్స ఇందుకు మంచి నిదర్శనం. ఒకే చికిత్స ఒక్కొక్క దేశంలో ఒక్కొక్క వేగంతో విస్తరించింది. ఈ తేడాకు కారణాలను పరిశీలించడమే ప్రస్తుత వ్యాసం ఉద్దేశం.

2. ఆవిర్భావ దశ

వయసు పైబడినవారిలో బృహద్ధమని కవాటంపై కాల్షియం పేరుకొని ద్వారం ఇరుకవుతుంది. ఓపెన్ హార్ట్ సర్జరీని తట్టుకోలేని వృద్ధుల కోసం ఫ్రాన్స్‌లోని రువాఁ నగరంలో అలెన్ క్రిబియే 1985లో బెలూన్‌తో ఆ ద్వారాన్ని వెడల్పు చేసే చికిత్సను ప్రారంభించారు. అయితే చాలామందిలో అది కొన్ని నెలలకే మళ్లీ ఇరుకయ్యేది. డెన్మార్క్‌లో హెన్నింగ్ రూడ్ ఆండర్సన్ 1989లో ముడిచి పంపగల కవాటాన్ని పందిలో అమర్చి చూశారు. 2000లో ఫిలిప్ బోన్‌హోఫర్ ఒక బాలుడికి పుపుస ధమని మార్గంలో కవాటాన్ని అమర్చారు. 2002 ఏప్రిల్ 16న క్రిబియే 57 ఏళ్ల రోగికి బృహద్ధమని కవాటాన్ని అమర్చడంతో ఈ చికిత్స చరిత్రలో కొత్త అధ్యాయం మొదలైంది.

3. వ్యాప్తి దశ

ఐరోపాలో ఈ కవాటాలకు 2007లో విక్రయానుమతి లభించింది. జర్మనీలో ఆ ఏడాది 144గా ఉన్న చికిత్సల సంఖ్య 2013 నాటికి 9,147కు చేరింది. అదే కాలంలో ఆసుపత్రిలో సంభవించిన మరణాలు 13.2 శాతం నుంచి 5.4 శాతానికి తగ్గాయి. 2011లో పది లక్షల జనాభాకు జర్మనీలో 88.7 చికిత్సలు జరగగా, పోర్చుగల్‌లో 6.1 మాత్రమే జరిగాయి. రెండూ వృద్ధుల నిష్పత్తి ఎక్కువగా ఉన్న దేశాలే. కాబట్టి పద్నాలుగు రెట్లకు పైబడిన ఈ తేడాను వ్యాధి తీవ్రతతో వివరించలేం. ఐరోపా దేశాలను పోల్చినప్పుడు, ఈ చికిత్సకు ప్రత్యేక చెల్లింపు ఏర్పాటున్న చోట్ల దాని వినియోగం, చెల్లింపుపై పరిమితులున్న చోట్లకన్నా 3.3 రెట్లు అధికమని తేలింది.

అమెరికా మరో దారిన నడిచింది. 2011లో శస్త్రచికిత్సకు వీలుకాని రోగులకు మాత్రమే అనుమతి ఇచ్చి, క్రమంగా సడలిస్తూ 2019లో ముప్పు తక్కువగా ఉన్నవారికీ విస్తరించింది. ఆ సంవత్సరం అక్కడ క్యాథెటర్ చికిత్సలు 72,991 కాగా, శస్త్రచికిత్సలు 57,626.

4. వ్యాప్తికి వెలుపల

భారతదేశంలో 2018లో దేశీయ తయారీ కవాటమైన మైవాల్‌కు అనుమతి లభించింది. అయినా ఇక్కడి సమస్యను ధర ఒక్కటే వివరించదు. బాల్యంలో గొంతు ఇన్ఫెక్షన్‌తో మొదలయ్యే రుమాటిక్ జ్వరం యువవయసులోనే కవాటాలను, ముఖ్యంగా మిట్రల్ కవాటాన్ని దెబ్బతీస్తుంది. క్యాథెటర్ కవాటమేమో పేరుకున్న కాల్షియాన్ని ఆధారం చేసుకొని నిలిచేలా రూపొందింది. కాల్షియం అంతగా లేని యువరోగి కవాటంలో దానికి పట్టు దొరకదు. అంటే సంపన్న దేశాల వృద్ధుల శరీరమే ఈ పరికరానికి నమూనా అయింది. జపాన్‌కు చెందిన కాంజీ ఇనోవె 1980లలో రూపొందించిన మిట్రల్ బెలూన్ మన దేశంలో విస్తృతంగా వాడుకలోకి రావడానికి కారణం, అది ఇక్కడి వ్యాధికి సరిపోవడమే.

5. ముగింపు

ఒక చికిత్స చరిత్రను ఆవిష్కరణ తేదీతో ముగించడం చాలదు. దాని ఖర్చును ఎవరు భరించారు, దాన్ని ఏ రోగిని దృష్టిలో పెట్టుకొని రూపొందించారు అనే రెండు ప్రశ్నలే ప్రాంతీయ వ్యత్యాసాలను వివరిస్తాయి. మొదటిదాన్ని చెల్లింపు విధానం మార్చగలదు. రెండవదానికి మన రోగుల అవసరాల నుంచి మొదలయ్యే పరిశోధనే సమాధానం.