గోడ మీది వేట, మట్టి కప్పిన రక్తం



17వ శతాబ్దపు హాలెండులో ఒక రకం తైలవర్ణ చిత్రాలకు మంచి గిరాకీ ఉండేది. వేటలో చంపిన కుందేలు, హంస, కౌజు పిట్టలు. పక్కన తుపాకీ, వేటకుక్క. ఆమ్‌స్టర్‌డామ్ చిత్రకారుడు యాన్ వీనిక్స్ ఇందులో దిట్ట. ఆయన గీసిన చచ్చిన కుందేలును చూస్తే పొట్ట మీది తెల్లని బొచ్చును చేత్తో నిమరాలనిపిస్తుంది.

వీటిని కొన్నది ఎవరు? ఆ దేశంలో కుందేలు వంటి జంతువులను వేటాడే హక్కు చాలావరకు పెద్ద వంశాలవారికి, పెద్ద పదవుల్లో ఉన్నవారికి మాత్రమే ఉండేది. వర్తకులకు డబ్బుంది గాని ఆ హక్కు లేదు. అందుకే చాలామంది బొమ్మ కొని గోడకు తగిలించారు. ఇంటికి వచ్చినవారు చూసి, వీరూ గొప్పవారే అనుకోవాలి!

హక్కున్నవారికీ గోడ మీది గొప్ప కావలసి వచ్చింది. జర్మనీ ప్రాంత పాలకుల్లో ఒకడైన యోహాన్ విల్‌హెల్మ్ బెన్స్‌బెర్గ్‌లో వేట కోసం పెద్ద భవనం కట్టించి, అందులో పెట్టడానికి వీనిక్స్ చేత పెద్ద పెద్ద వేట చిత్రాలు గీయించాడు. 1716లో ఆయన చనిపోయాడు. 1719లో వీనిక్సూ చనిపోయాడు. ఆ చిత్రాలు ఆ గోడల మీద మిగలలేదు.

ఇప్పుడు లేవీయకాండము 17:13 తెరిచి చూడండి. దేవుడు వేటను నిషేధించలేదు. తినదగిన మృగాన్ని గాని పక్షిని గాని వేటాడినవాడు దాని రక్తాన్ని నేల మీద ఒలకబోసి, మట్టితో కప్పాలన్నాడు. ఇశ్రాయేలీయుడైనా, వారి మధ్య నివసించే పరదేశియైనా అదే కట్టడ. మాంసం నీ ఆకలికి. ప్రాణం మాత్రం నాది అన్నట్టు. ఎంతటి వేటగాడైనా అక్కడ వంగి మట్టి తీయవలసిందే. వంగినవాడు గొప్పలు చెప్పుకోలేడు.

చిత్రకారుణ్ణి నేను తప్పుపట్టను. అలాంటి చిత్రాల్లో పెద్ద హంస పక్కన చిన్న పిట్టలు కూడా పడి ఉంటాయి. వాటి ఈకలను కూడా అతడు ఓపికగా చూశాడు. పిచ్చుక నేలరాలినా తండ్రికి తెలుసని ప్రభువు చెప్పింది (మత్తయి 10:29) ఇలాంటి అల్పప్రాణుల గురించే.

మన ఇళ్లలో వేట బొమ్మలు లేవు. కానీ పెళ్లి విందులో ఎన్ని వేటలు కోశామో ఊరు చెప్పుకోవాలని పొలం తాకట్టు పెట్టిన కుటుంబాలున్నాయి. విందు ఒక్క పూట, వడ్డీ ఏళ్ల తరబడి. అది ఆకలి కోసం చేసిన అప్పు కాదు, గోడకు తగిలించుకునే బొమ్మ కోసం చేసిన అప్పు.

ప్రియులారా, పెళ్లి పెట్టుకున్న ఇంటివారు ఉన్నంతలో వడ్డించండి. వెళ్లినవారు ముక్కలు లెక్కపెట్టకండి. ఒక్క కోడిని కోసినా, ఆ ప్రాణం ఎవరిదో తలచుకొని, స్తోత్రం చెల్లించి తినండి.

ప్రభువు మీ బల్లను దీవించును గాక. ఆమేన్.