పిల్లలు కట్టిన ఉపగ్రహాలు

మన బడి మొదలైన 1975లోనే, ఏప్రిల్ 19న, ఆర్యభట్ట కక్ష్యలోకి వెళ్ళింది. అది మన దేశపు తొలి ఉపగ్రహం, బరువు 360 కిలోలు. బెంగళూరు పీణ్యలోని షెడ్లలో యు.ఆర్.రావు గారి బృందం తయారు చేస్తే, సోవియట్ రాకెట్టు మోసుకెళ్ళింది. కొద్ది రోజులకే అందులోని పరిశోధన పరికరాలకు కరెంటు ఆగిపోయింది. అయినా దాని బొమ్మ రెండు రూపాయల నోటు వెనక ఏళ్ళ తరబడి ఉంది. మన తొలి బ్యాచ్‌ల వాళ్ళందరి జేబుల్లోనూ తిరిగింది.

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంఘం వాళ్ళు అడిగినప్పుడు నాకు ఆ నోటే గుర్తొచ్చింది. ముప్పై ఏళ్ళు ఇంజినీరింగ్ పిల్లలకు ఎలక్ట్రానిక్స్ చెప్పినవాణ్ణి కనుక, ఉపగ్రహం కట్టే పని శాస్త్రవేత్తల షెడ్లలోంచి విద్యార్థుల బల్లల మీదికి ఎలా వచ్చిందో రాస్తాను. ఈ చరిత్రలో ప్రయోగం రోజు ఫొటోలే ఎక్కువగా మిగిలాయి. పరీక్షల సంగతి పత్రికలకు ఎక్కదు.

1999లో కాలిఫోర్నియాలో స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ బాబ్ ట్విగ్స్, కాల్ పాలీ ప్రొఫెసర్ జోర్డీ ప్యుగ్ సువారీ ఒక కొలత ఖాయం చేశారు. పొడవు, వెడల్పు, ఎత్తు అన్నీ 10 సెంటీమీటర్లు, బరువు సుమారు ఒక కిలో. దాని పేరు క్యూబ్‌శాట్. బీనీ బేబీ అనే బొమ్మను పెట్టి అమ్మే ప్లాస్టిక్ డబ్బా చూసి ట్విగ్స్‌కు ఆ సైజు తోచిందట. చదువు పూర్తయ్యేలోగా పిల్లలు కట్టి ముగించగలిగేంత చిన్నదిగా ఉండాలన్నది వాళ్ళ ఆలోచన. అయితే నా దృష్టిలో అసలు తెలివి డబ్బా సైజులో లేదు, దాన్ని పెట్టే స్ప్రింగు పెట్టెలో ఉంది. కోట్ల విలువైన పెద్ద ఉపగ్రహం పక్కన పిల్లల చేతిపనిని ఎవరు పెట్టనిస్తారు? తలుపు మూసిన పెట్టెలో, కరెంటు ఆపేసి పెట్టి, పెద్దది దిగిపోయాక స్ప్రింగుతో బయటికి నెడితే రాకెట్టు వాళ్ళకు బెంగ ఉండదు.

2003 జూన్ 30న రష్యాలోని ప్లెసెట్స్క్ నుంచి మొదటి జట్టు వెళ్ళింది. అందులో డెన్మార్క్ విద్యార్థుల డీటీయూశాట్, టొరంటో వాళ్ళ కాన్‌ఎక్స్-1 ఒక్క మాటా పలకలేదు. టోక్యో విశ్వవిద్యాలయం పిల్లల ఎక్స్‌ఐ-4 మాత్రం ఏళ్ళ తరబడి పనిచేస్తూనే ఉంది. 2006 జులై 26న బైకనూర్ నుంచి లేచిన ద్నీపర్ రాకెట్టు కూలిపోయి ఒక్కసారే 14 క్యూబ్‌శాట్లు పోయాయి.

మన దేశంలో తొలి అడుగు అన్నా విశ్వవిద్యాలయానిది. 40 కిలోల అనుశాట్ 2009 ఏప్రిల్ 20న పీఎస్‌ఎల్‌వీ మీద వెళ్ళింది. మనవాళ్ళు గుర్తుంచుకోవలసింది దాని తర్వాతి స్టూడ్‌శాట్. 2007 సెప్టెంబరులో హైదరాబాదులో జరిగిన అంతర్జాతీయ వ్యోమయాన మహాసభలో బెంగళూరు, హైదరాబాదు విద్యార్థులు కలిసినప్పుడు ఆ ఆలోచన పుట్టింది. ఏడు కాలేజీలు చేతులు కలిపాయి. నాలుగు బెంగళూరువి, మూడు మన హైదరాబాదువి. కిలోకు కాస్త తక్కువ బరువున్న ఆ పెట్టె 2010 జులై 12న శ్రీహరికోట నుంచి కార్టోశాట్-2బి వెంట వెళ్ళింది. దాని కెమెరాకు 90 మీటర్ల కంటే చిన్న వస్తువు విడిగా కనిపించదు. పెద్ద ఉపగ్రహాల ముందు అదేం లెక్క అని కొందరు చప్పరించారు. బీటెక్ చదివే పిల్లలు మూడేళ్ళలోపు అక్కడిదాకా తీసుకెళ్ళారన్నదే నాకు లెక్క.

ఇక పరీక్షలు. రాకెట్టు లేచేటప్పటి కుదుపుకు వదులైన స్క్రూ ఊడుతుంది, బలహీనమైన సోల్డరు చిట్లుతుంది. అందుకే కంపించే బల్ల మీద బిగించి మూడు దిక్కులా ఊపుతారు. తర్వాత గాలి తీసేసిన గదిలో పెట్టి వేడి చేస్తారు, చల్లబరుస్తారు. పైన సుమారు 100 నిమిషాలకు ఒక చుట్టు. ప్రతి చుట్టులోనూ కాసేపు మండే ఎండ, కాసేపు గడ్డకట్టే చీకటి. అక్కడ గాలి లేదు కనుక బల్ల మీద చల్లగా ఉన్న చిప్పు పైన కాలిపోవచ్చు.

యాంటెనా కథ ఇంకా బాగుంటుంది. చాలా పెట్టెల్లో అది దర్జీవాడి దగ్గర ఉండేలాంటి టేపు కాదు గానీ, వడ్రంగి వాడే ఉక్కు టేపు ముక్కే. దాన్ని మడిచి చేపల గాలపు నైలాన్ దారంతో కడతారు. పైకి వెళ్ళాక అరగంట ఆగి, నిక్రోమ్ తీగ వేడెక్కి దారాన్ని తెంచుతుంది, టేపు సర్రున విచ్చుకుంటుంది. గదిలో ఇది పదిసార్లు జరుగుతుంది. చలికి బ్యాటరీ నీరసించిన పదకొండోసారి దారం తెగదు. పైన దారం తెగకపోతే ఆ ఉపగ్రహం మూగదే.

తెగినా, కింద వినేవాళ్ళకు ఒక్కో చుట్టులో దొరికేది పది పన్నెండు నిమిషాలు. అదీ మన తల మీదుగా వెళ్ళే చుట్టుల్లోనే. 437 మెగాహెర్ట్జ్ దగ్గర, వేగం వల్ల సిగ్నలు 10 కిలోహెర్ట్జ్ దాకా అటూ ఇటూ జరుగుతుంది. రేడియోను దాని వెంటే తిప్పుతూ ఉండాలి.

ఇన్ని పరీక్షలకు నాలుగేళ్ళ బీటెక్ చాలదు. ఐఐటీ బొంబాయిలో 2007లో మొదలైన ప్రథమ్ 2016 సెప్టెంబరు 26న ఎగిరింది. పుణె ఇంజినీరింగ్ కాలేజీలో 2008లో మొదలైన 990 గ్రాముల స్వయం 2016 జూన్ 22న ఎగిరింది. మొదలుపెట్టిన పిల్లలు అప్పటికే ఉద్యోగాల్లో స్థిరపడి ఉంటారు. రెండో జట్టు, మూడో జట్టు వచ్చి, ఎవరో రాసిపెట్టిన పుస్తకాలు చదివి, ఆ స్క్రూ ఎందుకు మార్చారో తెలుసుకుని ముందుకు నడిపి ఉండాలి. నాకు ఈ రెండు ప్రాజెక్టుల మీద గౌరవం అందుకే.

ఈ మధ్య 75 ప్రభుత్వ బడుల నుంచి 750 మంది ఆడపిల్లలు ఆజాదీశాట్‌లో పాలుపంచుకున్నారు. 2022 ఆగస్టు 7న ఎస్‌ఎస్‌ఎల్‌వీ మొదటి ప్రయోగంలో కక్ష్య తప్పి అది పోయింది. 2023 ఫిబ్రవరి 10న రెండోది నిలిచింది. ఆ పిల్లల పని చాలావరకు చిన్న చిన్న బోర్డులకు ప్రోగ్రాములు రాయడం. కట్టడం వేరు, ఇది వేరు. తక్కువ చేసి అనడం లేదు. ఎనిమిదో తరగతి పిల్లకు దారి తెరవడానికి ఇది చాలు. బీటెక్ పిల్లలకు మాత్రం కొన్న కిట్టు బిగించి సొంత ఉపగ్రహమని ఫొటో దిగడం చాలదని నా పట్టుదల.

నేను పాఠం చెప్పిన ఒక కాలేజీలో కూడా (పేరెందుకు లెండి) 2011లో పన్నెండు మంది పిల్లలు ఒక పెట్టె మొదలుపెట్టారు. మూడేళ్ళు పనిచేశారు. కంపించే బల్ల మీద మొదటిసారి బ్యాటరీ కనెక్టరు ఊడింది, రెండోసారి నిలిచింది. అంతలో యాజమాన్యం మారింది, ఆ గది కంప్యూటర్ ల్యాబ్ అయింది. పిల్లలు ఉద్యోగాలకు వెళ్ళిపోయారు. నమూనా పెట్టె, మూడు రికార్డు పుస్తకాలు నా దగ్గర మిగిలాయి.

డిసెంబరు సమావేశానికి వాటిని తెస్తున్నాను. మన బడి సైన్సు మాస్టారు తీసుకుంటానన్నారు. రెండో పుస్తకంలో 40వ పేజీ నుంచి కనెక్టరు సంగతంతా ఉంది, పిల్లల చేత ముందు అది చదివించండి. పెట్టెకు మూడు స్క్రూలు లేవు. యాంటెనా టేపు అంచు పదునుగా ఉంటుంది, ముట్టుకునే ముందు చెప్పండి.