నాలుగో గేరు కోసం

1960, 70 దశకాల అమెరికన్ ఫోర్ వీల్ డ్రైవ్ ట్రక్కులోంచి మూడు గేర్ల ఆటోమేటిక్ గేర్‌బాక్సు తీసేసి, దాని స్థానంలో ఓవర్‌డ్రైవ్ ఉన్న నాలుగు గేర్ల ఆటోమేటిక్ బిగించడం అక్కడి గరాజుల్లో నలభై ఏళ్లుగా సాగుతున్న పని. ట్రక్కు అంటే ఇక్కడ లారీ కాదు. వెనక తొట్టి ఉన్న పికప్పులు, షెవ్రొలే బ్లేజర్, ఫోర్డ్ బ్రాంకో, ఇంటర్నేషనల్ స్కౌట్ లాంటి బండ్లను అమెరికన్లు ఆ పేరుతో పిలుస్తారు. తెలుగునాట ఇలాంటివి చాలావరకు జీపులే అనిపించుకుంటాయి.

ఈ బండ్లు పుట్టింది పొలం గట్లకూ, మంచు దారులకూ, అడవి బాటలకూ. లాగుడు బలం కోసం వాటి ఇరుసుల్లో క్రౌన్, పీనియన్ పళ్లను 3.73, 4.11 లాంటి నిష్పత్తుల్లో పెట్టారు. చివరి గేరు నిష్పత్తి 1.00. అంటే ఇంజను ఎన్ని చుట్లు తిరిగితే ప్రొపెల్లర్ షాఫ్టు అన్నే తిరుగుతుంది. 4.11 ఇరుసు, 29 అంగుళాల టైరు ఉన్న బండి గంటకు 65 మైళ్ల వేగంతో, అంటే సుమారు 105 కిలోమీటర్లతో పోతుంటే ఇంజను నిమిషానికి దాదాపు 3,100 చుట్లు తిరగాలి. పక్కన కూర్చున్న మనిషితో మాట్లాడాలంటే గొంతు పెంచాల్సిందే. 0.70 నిష్పత్తి ఉన్న నాలుగో గేరు చేరితే అదే వేగానికి 2,170 చుట్లు చాలు. ఇంజను 70 చుట్లు తిరిగేలోగా షాఫ్టు 100 చుట్లు తిరిగే ఈ ఏర్పాటునే ఓవర్‌డ్రైవ్ అంటారు.

ఇరుసుల్లో పళ్లు మార్చినా చుట్లు తగ్గుతాయి కదా అనే ప్రశ్న సహజం. తగ్గుతాయి, కానీ రెండు చిక్కులున్నాయి. ఫోర్ వీల్ డ్రైవ్ బండికి ముందు ఇరుసు, వెనక ఇరుసు ఒకే నిష్పత్తిలో ఉండి తీరాలి. కాబట్టి ఖర్చు రెండింతలు. పైగా హైవే మీద దక్కిన నెమ్మది ఎగుడు దారిలో బలహీనతగా తేలుతుంది. అదనపు గేరుతో ఈ బేరం తప్పుతుంది.

ఓవర్‌డ్రైవ్ కొత్తదేమీ కాదు. బోర్గ్ వార్నర్ తయారుచేసిన యూనిట్ 1934 క్రైస్లర్ ఎయిర్‌ఫ్లోలోనే ఉంది. ఆ కంపెనీ తర్వాత చేసిన యూనిట్లలోనూ నిష్పత్తి 0.70 దగ్గరే నిలిచింది. అయితే అవన్నీ క్లచ్ తొక్కి గేరు మార్చే బండ్లకు. ఆటోమేటిక్ దారి వేరు. జనరల్ మోటార్స్ 1940 మోడల్ ఓల్డ్స్‌మొబిల్‌లో తెచ్చిన హైడ్రామాటిక్‌కు అప్పుడే నాలుగు గేర్లున్నాయి, కానీ నాలుగోది 1.00 మాత్రమే. రెండో ప్రపంచ యుద్ధంలో ఎం5 స్టూవర్ట్, ఎం24 చాఫీ టాంకులను నడిపిందీ ఈ హైడ్రామాటికే. ఆ తర్వాత గేర్ల లెక్క ముందుకు పోయే బదులు వెనక్కి వచ్చింది. టర్బో హైడ్రామాటిక్ 400 (1964), 350 (1969) గేర్‌బాక్సులకు మూడేసి గేర్లే. పెట్రోలు చవకగా దొరికే రోజుల్లో మూడు చాలనుకున్నారు. ఆ రెండూ మొండి సరుకు. ఇప్పటికీ వాటిని తిట్టే మెకానిక్ అరుదు.

పరాయి భాగాలను అతికించడం ఫోర్ వీల్ డ్రైవ్ లోకానికి పుట్టుకతో వచ్చిన అలవాటు. ఇండియానాపొలిస్‌లోని మార్మన్ హెరింగ్టన్ 1935 నుంచి ఫోర్డ్ ట్రక్కులకు నాలుగు చక్రాల నడక అమర్చి ఇచ్చేది. మినియాపొలిస్‌లోని నాప్కో కంపెనీ షెవ్రొలే, జీఎంసీ ట్రక్కులకు అదే పని చేసేది. షెవ్రొలే తన ఫ్యాక్టరీలోనే ఈ సరంజామాను 1957లో అందించింది, సొంత డిజైనుతో 1960లో వచ్చింది. ఈ తరహా బండికి ఆటోమేటిక్ కూడా జోడించి మామూలు కుటుంబాలకు అమ్మిన తొలి ప్రయత్నాల్లో 1963 మోడల్ జీప్ వాగనీర్ ఒకటి. 1969లో వచ్చిన బ్లేజర్‌కు ఆటోమేటిక్ దొరికేది. 1966లో మొదలైన బ్రాంకోకు మాత్రం 1973 దాకా ఆగాల్సి వచ్చింది.

1973 అక్టోబరులో అరబ్ దేశాలు చమురు ఆపేయడంతో పరిస్థితి తిరగబడింది. 1974 జనవరి 2న నిక్సన్ సంతకంతో దేశమంతటికీ గంటకు 55 మైళ్ల వేగ పరిమితి వచ్చింది. 1975 చివర్లో వచ్చిన చట్టం కంపెనీలు అమ్మే బండ్ల సగటు మైలేజీకి లెక్క కట్టడం మొదలుపెట్టింది. ఆ ఒత్తిడిలోంచే ఓవర్‌డ్రైవ్ ఆటోమేటిక్‌లు పుట్టాయి. ఫోర్డ్ ఏఓడీ 1980 మోడల్‌లో, జనరల్ మోటార్స్ 200-4ఆర్ 1981లో, 700ఆర్4 1982లో వచ్చాయి. మూడూ కొత్త బండ్ల మైలేజీ కోసం తెచ్చినవే. పాత ట్రక్కు యజమానులను దృష్టిలో పెట్టుకుని చేసినది వీటిలో ఒక్కటీ లేదు.

అయినా 700ఆర్4 ఆ యజమానులకు వరంలా దొరికింది. కారణం నాలుగో గేరు ఒక్కటే కాదు, మొదటి గేరు కూడా. 350లో మొదటి గేరు 2.52. 700ఆర్4లో 3.06. కొండ బాటలో రాళ్లపై పాకుతున్నట్టు పోయేటప్పుడు ఈ తేడా కాలికి తెలుస్తుంది. 350 వెనక ఎన్‌పీ205 ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజను శక్తిని రెండు ఇరుసులకూ పంచే పెట్టె) ఉంటే దాని లో రేంజి, అంటే వేగం ఇంకా తగ్గించి బలం పెంచే గేరు, 1.96. రెండూ గుణిస్తే 4.94. 700ఆర్4 వెనక ఎన్‌పీ208 ఉంటే దాని లో రేంజి 2.61, గుణకారం 7.99. అంటే హైవే మీద ఇంజను నెమ్మదించడమే కాదు, అడవిలో బండి కూడా మరింత నిదానంగా, మరింత బలంగా నడుస్తుంది. పైగా ఇంజను వైపు బోల్టుల అమరిక పాత షెవ్రొలే ఇంజన్లకు నేరుగా కుదురుతుంది. ఫోర్డ్ ఏఓడీ మొదటి గేరు 2.40 మాత్రమే. బ్రాంకోలో వచ్చిన పాత సీ4 గేర్‌బాక్సు 2.46 కన్నా అది కూడా తక్కువే. అందుకే బ్రాంకో వాళ్లలో చాలామంది 2.84 మొదటి గేరుతో 1993లో వచ్చిన 4ఆర్70డబ్ల్యూ వైపు మొగ్గారు.

గేర్‌బాక్సు ఇంజనుకు తగులుకోవడం ఈ పనిలో సులువైన భాగం. కష్టమంతా దాని ముందూ వెనకా ఉంటుంది.

ముందు ఉన్నది ఒక సన్నని తీగ. పాత 350కి కూడా కార్బురేటర్ నుంచి ఒక కేబుల్ వచ్చేది. యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కినప్పుడు కింది గేరుకు దిగమని చెప్పడం మాత్రమే దాని పని. లోపలి నూనె ఒత్తిడిని వాక్యూమ్ మాడ్యులేటర్ చూసుకునేది. కేబుల్ తెగినా బండి నడుస్తుంది, కింది గేరు వెంటనే పడదంతే. 700ఆర్4లో వాక్యూమ్ మాడ్యులేటర్ లేదు. పైకి అచ్చం పాతదానిలాగే కనబడే కేబులే ఇక్కడ నూనె ఒత్తిడి ఎంత ఉండాలో చెబుతుంది. థ్రాటిల్ ఎంత తెరుచుకుంటే ఒత్తిడి అంత పెరగాలి. దీన్ని టీవీ కేబుల్ అంటారు. టీవీ అంటే థ్రాటిల్ వాల్వ్.

తొలి రోజుల్లో 700ఆర్4 ప్రాణం తీసింది ఈ పోలికే. 350తో చేతులు అలవాటు పడ్డ మెకానిక్ కేబుల్‌ను అంత పట్టించుకునేవాడు కాదు. వదులుగా కట్టేవాడు, లేదా తర్వాత చూద్దామని వదిలేసి బండిని రోడ్డెక్కించేవాడు. ఒత్తిడి చాలక క్లచ్ ప్లేట్లు గట్టిగా పట్టుకోవు, జారుతాయి, జారి మాడతాయి. ముందు పోయేది 3-4 క్లచ్. మూడో గేరులోనూ నాలుగో గేరులోనూ అదే పట్టి ఉండాలి కాబట్టి హైవే మీద దానికి విశ్రాంతి ఉండదు. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఎర్రగా ఉండాల్సిన నూనె గోధుమరంగుకు తిరిగి, మాడిన వాసన కొడుతుంది. గేర్‌బాక్సు బలహీనమైందన్న పేరు అలా కొంత అన్యాయంగా వచ్చింది. తొలి ఏళ్ల యూనిట్లలో ఇన్‌పుట్ షాఫ్టు సన్నంగా ఉండటం లాంటి నిజమైన లోపాలూ లేకపోలేదు. 1987 మోడల్ నాటికి వాటిలో చాలావరకు సరిదిద్దారు. అందుకే విడిభాగాల యార్డులో వెతికేవారు ఆ తర్వాతి తయారీనే కోరుకుంటారు.

సర్దుబాటు తెలిస్తే ఐదు నిమిషాల పని. కార్బురేటర్ పక్క బ్రాకెట్‌లో కేబుల్ చివర ఒక చిన్న మీట ఉంటుంది. దాన్ని నొక్కి పట్టుకుని కేబుల్ తొడుగును చివరిదాకా వెనక్కి తోసి మీట వదలాలి. తర్వాత లోపల కూర్చున్న మనిషి యాక్సిలరేటర్‌ను నేలకు ఆనేదాకా తొక్కాలి. టకటకమని పళ్లు జరిగి తొడుగు తన చోటు తానే వెతుక్కుంటుంది. కంపెనీ క్వాడ్రాజెట్ కార్బురేటర్ ఉన్న బండికి ఇంతే. వేరే కంపెనీ కార్బురేటర్ పెట్టిన బండిలో అసలు తిరకాసు. మీట పొడవు కొద్దిగా మారినా కేబుల్ లాగే కోణం మారుతుంది, ఒత్తిడి లెక్క తప్పుతుంది. పైకి సర్దుబాటు బాగానే ఉన్నట్టు కనబడుతుంది. సగం తొక్కినప్పుడు మాత్రం లోపల ఒత్తిడి చాలదు. ఈ ఒక్క లోపాన్ని సరిచేసే బ్రాకెట్లూ మీటలూ అమ్ముకునే చిన్న వ్యాపారమే పుట్టుకొచ్చింది.

టార్క్ కన్వర్టర్ లాకప్ సంగతి కూడా ఇలాంటిదే. ఇంజనును గేర్‌బాక్సుకు జారుడు లేకుండా నేరుగా కలిపే లంకె అది. కంపెనీ కార్లలో కంప్యూటర్ చూసుకునే ఈ లంకెను, కంప్యూటర్ లేని పాత ట్రక్కులో నాలుగో గేరు, వాక్యూమ్, బ్రేకు స్విచ్చులకు వైరు కలిపి నడిపిస్తారు. బ్రేకు తొక్కగానే లంకె విడిపోవాలి, లేకపోతే ఆగేటప్పుడు ఇంజను ఆరిపోతుంది. వైరింగే వద్దనుకుని వదిలేసిన వాళ్లకు నూనె వేడెక్కడం మిగులుతుంది. అందుకే ఈ మార్పిడి చేసేవాళ్లు రేడియేటర్ ముందు అదనపు నూనె కూలర్ ఒకటి తప్పక బిగిస్తారు.

గేర్‌బాక్సు వెనక ట్రాన్స్‌ఫర్ కేసు ఉంటుంది. టూ వీల్ డ్రైవ్ బండిలో గేర్‌బాక్సు ఒకటి రెండు అంగుళాలు పొడవైతే క్రాస్ మెంబర్ జరిపి, ప్రొపెల్లర్ షాఫ్టు కోయించి పని ముగించవచ్చు. ఇక్కడ అలా కాదు. 700ఆర్4 బాక్సు 350 కన్నా సుమారు ఒకటిన్నర అంగుళాలు పొడవు. దాంతో ట్రాన్స్‌ఫర్ కేసు వెనక్కి జరుగుతుంది. వెనక షాఫ్టు పొట్టిదై కోణం నిటారుగా మారుతుంది, ముందు షాఫ్టు పొడవు పెరుగుతుంది. షాఫ్టుల కొలత బండి బరువు స్ప్రింగుల మీద ఉండగానే తీసుకోవాలి. జాకీ మీద తీస్తే తప్పుతుంది. బ్లేజర్ లాంటి పొడవు బండికి ఇదంతా పెద్ద సమస్య కాదు. ఇరుసుల మధ్య 92 అంగుళాలే ఉన్న తొలి బ్రాంకోలో, అంతకన్నా పొట్టి జీప్ సీజే-5లో వెనక షాఫ్టు మరీ కురచై వణుకు మొదలవుతుంది. అక్కడ డబల్ యూనివర్సల్ జాయింట్లు వేసినా ఒక్కోసారి సర్దుకోదు.

ఇంకో చిక్కు. ముందు ఇరుసు డిఫరెన్షియల్ షెవ్రొలే పాత ట్రక్కుల్లో కుడి వైపు, బ్రాంకోలో ఎడమ వైపు ఉంటుంది. వేరే బండిలోంచి తెచ్చిన ట్రాన్స్‌ఫర్ కేసులోంచి ముందు షాఫ్టు కూడా అటు వైపే బయటికి రావాలి. కాలిఫోర్నియాలోని పాసో రోబ్లెస్ పట్టణంలో ఉన్న అడ్వాన్స్ అడాప్టర్స్ లాంటి కంపెనీలు ఈ అవసరంమీదే నిలబడ్డాయి. ఒక కంపెనీ గేర్‌బాక్సును మరో కంపెనీ ట్రాన్స్‌ఫర్ కేసుకు కలిపే మందపాటి లోహపు జోడింపు, దానికి తగిన పళ్ల షాఫ్టు వాటి సరుకు. పోతపోసిన ఇనుప ఒంటితో, గొలుసు లేకుండా పూర్తిగా పళ్లతో నడిచే ఎన్‌పీ205ను వదులుకోలేక అడాప్టర్ కొనేవాళ్లు ఎక్కువ. అల్యూమినియం ఒళ్లు, గొలుసు నడక ఉన్న ఎన్‌పీ208ను కంపెనీ జత చేసినట్టే ఉంచుకునేవాళ్లు ఖర్చు తగ్గించుకుంటారు.

ఈ మధ్యలో 55 మైళ్ల పరిమితి కూడా సడలింది. 1987లో గ్రామీణ ఇంటర్‌స్టేట్ రోడ్ల మీద 65 మైళ్లు అనుమతించారు. 1995 నవంబరులో జాతీయ పరిమితినే ఎత్తేశారు. అప్పటి నుంచి పడమటి రాష్ట్రాల్లో 75 మైళ్ల బోర్డులు మామూలయ్యాయి. మొదట పెట్రోలు కోసం చేసిన మార్పిడి ఇప్పుడు వెనకున్న బండ్లకు అడ్డం కాకుండా నడవడానికి అవసరమైంది.

ఈలోగా సరుకు మారింది. 1990లో 700ఆర్4కు 4ఎల్60 అని పేరు మార్చారు. 1993లో 4ఎల్60ఈగా విద్యుత్ నియంత్రణతో వచ్చింది. 1991లో వచ్చిన 4ఎల్80ఈ బరువు పనికి. టీవీ కేబుల్ బెడద పోయి, దాని స్థానంలో విడి కంట్రోలర్, వైరింగు గుత్తి వచ్చాయి. 1999 తర్వాతి షెవ్రొలే ట్రక్కుల్లోంచి 5.3 లీటర్ల ఇంజనును గేర్‌బాక్సుతో సహా ఎత్తి పాత బండిలో దించడం ఇంకో దారి. ఆరు గేర్ల 6ఎల్80లో ఓవర్‌డ్రైవ్‌లు రెండు, 0.85, 0.67. మొదటి గేరు 4.03. విద్యుత్ పెత్తనం వద్దనుకునే వాళ్లు మాత్రం ఇప్పటికీ 1987 తర్వాతి 700ఆర్4నే వెతుకుతారు. కార్బురేటర్ పక్కన ఆ చిన్న మీటను నొక్కి పట్టుకుని, లోపలి మనిషిని యాక్సిలరేటర్ తొక్కమని కేకేస్తారు.