ఇసుక పలక నుంచి గోడ మీది తెర దాకా

తమిళ మాధ్యమంలో చదువుకున్నవాళ్ళం, రాతలో తప్పులుంటే మన్నించండి.

పోయిన కూటమిలో ఒక మాట తేలకుండానే ఆగిపోయింది. కైవారం పక్కన ఒక ప్రభుత్వ బడికి మన సంఘం డబ్బుతో పెద్ద టీవీ కొనిద్దామా, వద్దా అని. "ఇంట్లోనే ఫోను వదలరు, బడిలో కూడా తెర ఎందుకు?" అన్నారు పెద్దవాళ్ళు. "టౌను పిల్లలకు ఉన్నది మన పిల్లలకు వద్దా?" అన్నారు చిన్నవాళ్ళు. రెండూ కొట్టిపారేసే మాటలు కావు. బడిలోకి కొత్త పరికరం రావడం ఇది మొదటిసారి కాదు గనక, పాత సంగతులు కొన్ని చూసి తేల్చుకుందాం.

మొదటిది ఇసుక. మన పెద్దలు వీధిబడి అరుగు మీద ఇసుకలో వేలితో ఓనమాలు దిద్దారు. 1789లో మద్రాసు ఎగ్మూరులోని అనాథ బాలుర ఆశ్రమ బడికి ఆండ్రూ బెల్ అనే పాదిరి పెద్దగా వచ్చారు. ఒక నాటు బడిలో పిల్లలు ఇసుకలో రాయడం చూసి, తన బడిలోనూ పెట్టమన్నారు. అక్కడి ఉపాధ్యాయులకు అది నచ్చలేదు. అప్పుడాయన కాస్త పెద్ద పిల్లవాడి చేత చిన్నవాళ్ళకు నేర్పించారు. పని జరిగింది. 1797లో ఆ అనుభవాన్ని పుస్తకంగా అచ్చు వేస్తే, ఇంగ్లండు బడుల్లో అది 'మద్రాసు పద్ధతి' అనే పేరుతోనే పాకింది. ఇసుకకు ఖర్చు లేదు, నిజమే. కానీ పక్కన కూర్చుని దిద్దించే మనిషి లేకపోతే అది ఉత్త ఇసుకే.

రెండోది రైలు సంగతి. మేము ఉద్యోగంలో చేరిన కొత్తలో రిజర్వేషన్ అంతా చేతిరాత పుస్తకాలే. తిరుగు ప్రయాణానికి బెర్తు కావాలంటే ఆ ఊరికి తంతి పంపి జవాబు కోసం కాచుకోవాలి. 1980లలో ఢిల్లీలో మొదలైన కంప్యూటర్ రిజర్వేషన్ మెల్లగా దక్షిణానికీ వచ్చింది. మా ఉద్యోగాలు పోతాయని భయపడ్డాం. పోలేదు. ముందు మాకు శిక్షణ ఇచ్చి, తర్వాత మిషన్ ముందు కూర్చోబెట్టారు. ఆ వరస తిరగబడి ఉంటే కౌంటర్ ముందు ఎంత గొడవ జరిగేదో మాకు తెలుసు.

మూడోది ఉపగ్రహం. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 దాకా, అమెరికా నాసా అరువిచ్చిన ఏటీఎస్-6 ఉపగ్రహంతో ఆరు రాష్ట్రాల్లో 2400 ఊళ్ళకు టీవీ పాఠాలు పంపారు. పొద్దున బడిపిల్లలకు, సాయంత్రం ఊరి జనానికి. కర్ణాటకలో రాయచూరు, గుల్బర్గా, బిజాపూరు జిల్లాల ఊళ్ళు అందులో ఉన్నాయి. మనం గమనించాల్సింది ఒకటుంది. ఒకే బొమ్మతో పాటు రెండు శబ్దాలు పంపే ఏర్పాటు ఆ ఉపగ్రహంలో ఉంది. కార్యక్రమాలు తయారైన నాలుగు భాషల్లో తెలుగు, కన్నడ రెండూ ఉన్నాయి. బొమ్మ ఒకటి, మాట ఎవరి భాషలో వారికి! ఏడాది గడువు తీరగానే ఉపగ్రహం వెళ్ళిపోయింది, చాలా ఊళ్ళలో పాఠాలూ ఆగిపోయాయి. అరువు సొమ్ము బరువు చేటు అన్న సామెత ఊరికే పుట్టలేదు.

నాలుగోది మన పక్కదే. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ వాళ్ళు పల్లె బడుల కోసం అట్ట కార్డులతో ఒక పద్ధతి తయారుచేశారు. ఒకే గదిలో రెండు మూడు తరగతుల పిల్లలున్నా ఎవరి వేగంతో వారు నేర్చుకోవచ్చు. 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోట ఉపాధ్యాయులు అక్కడికి పోయి చూసి, తమ పిల్లలకు తగినట్టు కన్నడలో మార్చుకున్నారు. అదే 'నలి-కలి'. తర్వాత కర్ణాటక అంతటా వచ్చింది. ఆంధ్రలో పుట్టింది కన్నడ బడిలో నిలబడిందంటే, మొదట కదిలింది పెట్టె కాదు, ఉపాధ్యాయులు.

ఇక మన పిల్లల సంగతి. చింతామణి, బాగేపల్లి పల్లెల్లో ఎన్నో ఇళ్ళలో తెలుగు, బడిలో కన్నడ. మా చిన్నప్పుడు ఇదే కథ తమిళంతో నడిచింది. మాష్టారు బొమ్మ చూపించి ఇదేమిటని అడిగితే 'చెట్టు' అన్నాం. తరగతంతా నవ్వింది. ఆ తర్వాత చాలా రోజులు నోరు తెరవలేదు. తెలుగు అక్షరాలు మాకు బడిలో రాలేదు, జోలార్‌పేట నుంచి బంగారుపేట దారిలో వచ్చాయి. ఆ కొద్ది దూరంలోనే స్టేషన్ బోర్డులు తమిళం నుంచి తెలుగుకు, తెలుగు నుంచి కన్నడకు మారతాయి. కుప్పం బోర్డు మీద ఇంగ్లీషు పేరుతో పోల్చుకుంటూ ఒక్కో అక్షరం పట్టుకున్నాం.

ఈనాటి బిడ్డకు అంత పాట్లు అక్కర్లేదు. 2017లో మొదలైన దీక్ష వేదికలో కన్నడ పాఠాలూ, తెలుగు పాఠాలూ రెండూ ఉన్నాయి. పాఠ్యపుస్తకంలోని చదరపు గుర్తును ఫోనుతో చూపిస్తే పాఠం తెరుచుకుంటుంది. గుండె ఎలా కొట్టుకుంటుందో, చంద్రుడు ఎలా పెరిగి తరుగుతాడో నల్లబల్ల మీద గీస్తే కదలదు. తెర మీద కదులుతుంది, అర్థం కాకపోతే మళ్ళీ వేయవచ్చు. చూపు మందగించిన బిడ్డకు అక్షరం పెద్దది చేయవచ్చు. ఒకసారి తెలుగులో విని, వెంటనే కన్నడలో వింటే ఆ బిడ్డ తరగతిలో చెయ్యెత్తగలదు. కన్నడను పక్కకు నెట్టమని కాదు, కన్నడలోకి ఎక్కడానికి తెలుగు మెట్టు వేయమని. కైవారం తాతయ్య రెండు భాషల్లోనూ పాడిన నేల ఇది. ఇక్కడ ఆ రెండింటికీ పోట్లాట లేదు.

కనుక మా మాట: తెర ఇద్దాం. కానీ ముందు ఉపాధ్యాయులతో కూర్చుని వాళ్ళకేం కావాలో అడుగుదాం. ఉన్న డబ్బంతా టీవీకే పెట్టకుండా కొంత బాగుచేతకు, కరెంటు పోతే నడిచే బ్యాటరీకి ఉంచుదాం. వారానికి ఇన్ని గంటలే అని బడివాళ్ళనే నిర్ణయించమందాం. తెలుగు, కన్నడ రెండూ చదవగల మన సభ్యులు నెలకొకసారి పోయి పిల్లల పక్కన కూర్చోవాలి. ఆ చివరిది కుదరకపోతే తెర కొనకపోవడమే మేలు.

మొదటి నెల మేమే పోతాము. రెండో నెలకు ఎవరొస్తారో కింద పేరు రాయండి.