ఆప్టోజెనెటిక్ డీఫిబ్రిలేషన్

ఆప్టోజెనెటిక్ డీఫిబ్రిలేషన్ అనగా విద్యుత్ షాకునకు బదులుగా కాంతిని ప్రసరింపజేసి, లయ తప్పిన గుండెను తిరిగి సక్రమ స్థితికి తెచ్చే పద్ధతి. ఇది జంతువులపై ప్రయోగాల దశలోనే ఉన్నది. మానవులకు చికిత్సగా అందుబాటులోకి రాలేదు.

నేపథ్యం

గుండె కండర కణాలు విద్యుత్ ప్రేరణను ఒక క్రమంలో ఒకదానికొకటి అందించుకొనుట వలన గుండె లయబద్ధంగా కొట్టుకొంటుంది. ఈ ప్రేరణ దారి తప్పి సుడిగుండం వలె కండరంలోనే తిరుగుతూ ఉంటే, జఠరికలు సంకోచించుటకు బదులు అదురుతూ ఉంటాయి. దీనిని జఠరికల ఫిబ్రిలేషన్ అంటారు. రక్తప్రసరణ ఆగిపోవుట వలన నిమిషాలలోనే మరణం సంభవించవచ్చు. దీనిని ఆపుటకు నమ్మదగిన మార్గం విద్యుత్ షాకే.

అవసరమైనప్పుడు తనంతట తానే షాకు ఇచ్చే పరికరాన్ని 1980లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో మొదటిసారిగా ఒక రోగి శరీరంలో అమర్చారు. దీని రూపకర్త మైకేల్ మిరోవ్‌స్కీ. ఈ పరికరం ఎందరి ప్రాణాలనో కాపాడినది. అయితే స్పృహలో ఉన్న రోగికి షాకు తీవ్రమైన బాధ కలిగిస్తుంది, ఎందుకనగా అది గుండెతో పాటు ఛాతీ కండరాలను, నరాలను కూడా ఉత్తేజపరుస్తుంది. మరల ఎప్పుడు తగులుతుందోనన్న భయం కొందరిని వీడదు. కాంతి పద్ధతికి ప్రేరణ ఇక్కడే ఉన్నది.

పనిచేయు విధానం

పాఠ్యపుస్తకాలలో కనిపించే క్లామిడోమోనాస్ అనే ఏకకణ శైవలం కాంతిని గుర్తించి ఈదుతుంది. ఇందుకు తోడ్పడే ప్రోటీన్లలో ఒకటైన చానెల్‌రోడాప్సిన్-2ను జర్మనీ శాస్త్రవేత్తలు గెయోర్గ్ నాగెల్, పీటర్ హెగెమాన్ తదితరులు 2003లో వర్ణించారు. దీని జన్యువును హాని చేయని వైరస్ ద్వారా గుండె కణాలలోనికి చేర్చవచ్చు. అటుపై సుమారు 470 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల నీలి కాంతి పడగానే కణత్వచంలోని ఈ ద్వారం తెరుచుకొని ధనావేశ అయాన్లు లోనికి ప్రవేశిస్తాయి. కాంతి ఉన్నంతసేపు ఆ కణాలు కొత్త ప్రేరణను మోయలేవు. దారి లేక సుడి అంతరిస్తుంది. ఆ ప్రోటీను లేని కణాలకు ఏమీ కాదు, కనుక నొప్పి ఉండదని భావిస్తున్నారు.

ప్రయోగాలు

2010లో బాన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చిట్టెలుకల గుండెను కాంతితో కొట్టుకొనేలా చేశారు. 2016లో వారే జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులతో కలిసి చిట్టెలుకల గుండెలలో జఠరికల లయభంగాన్ని నీలి కాంతితో ఆపగలిగారు. 2019లో నెదర్లాండ్స్‌లోని లైడెన్ బృందం మరొక అడుగు వేసినది: సజీవ ఎలుకలలో కర్ణికల ఫిబ్రిలేషన్‌ను యంత్రమే కనిపెట్టి, ఎల్ఈడీ దీపాన్ని వెలిగించి, లయను పునరుద్ధరించినది.

అవరోధాలు

చిట్టెలుక గుండె గోడ మందం సుమారు ఒక మిల్లీమీటరు. మనిషి ఎడమ జఠరిక గోడ దాదాపు ఒక సెంటీమీటరు ఉంటుంది. నీలి కాంతి అంత లోతుకు పోలేదు. 2016 నాటి పరిశోధనలో కంప్యూటరుపై నిర్మించిన మానవ హృదయ నమూనాలో నీలి కాంతి విఫలమైనది. ఎరుపు కాంతికి స్పందించే ప్రోటీను ఉన్నట్లు భావించి లెక్కించినప్పుడు మాత్రం సుడి ఆగినది. కాంతి చిక్కు తీరినా, జన్యువును కోట్లాది కణాలకు చేర్చుట, వైరస్‌పై శరీరపు రక్షణ వ్యవస్థ తిరగబడకుండా చూచుట మరింత కష్టమైన పనులు.