రక్తకన్నీరు : రంగస్థలము నుండి వెండితెరకు

నాటకము చూచి యింటికి మరలువాడు త్రోవలో దేనిని తలపోయుచు నడచునో, అదియే ఆ నాటకమునకు నిజమైన ఫలము. తమిళ రంగస్థలమున పుట్టి, చలనచిత్రమై, తెలుగు పల్లెలకును వచ్చిన ‘రక్తకన్నీరు’ చరిత్రను ఈ రజతోత్సవ సంచిక పాఠకులకు ఆ దృష్టితోనే విన్నవింపదలచితిని.

మూలనాటకకర్త తిరువారూరు కె. తంగరాజు. ప్రధానపాత్ర ధరించి దానికి ప్రాణము పోసినవాడు ఎం. ఆర్. రాధా. ఈయన పెరియార్ రామసామి భావములను అభిమానించిన నటుడు. అంతకుముందు 1952లో ‘పరాశక్తి’కి కృషి చేసిన నిర్మాత పి. ఎ. పెరుమాళ్ మొదలియారు, దర్శకులు కృష్ణన్-పంజులే దీనినికూడ చిత్రముగా తీర్చిరి. అది 1954లో విడుదలయ్యెను. భార్య చంద్రగా మన తెలుగు నటి శ్రీరంజని, వేశ్య కాంతగా ఎం. ఎన్. రాజం, మిత్రుడు బాలుగా ఎస్. ఎస్. రాజేంద్రన్ నటించిరి.

ఇది యొక సంసారము కూలిపోయిన కథ. విదేశములనుండి తిరిగివచ్చిన ధనికుడు మోహనసుందరము కన్నతల్లిని ఈసడించును. కట్టుకొన్న యిల్లాలిని విడనాడి కాంత యింట ఆస్తి ధారపోయును. తుదకు కుష్ఠువు సోకి, చూపు పోయి, ఆమె చేతనే గెంటబడి వీధుల పాలగును. పశ్చాత్తాపము పొంది, తన భార్యకు బాలుతో పునర్వివాహము జరుగవలెనని కోరును. భర్త బ్రతికియుండగనే భార్యకు మరల పెండ్లి యనుట ఆనాటి ప్రేక్షకులకు ఎంతటి సాహసోక్తియో ఊహింపవచ్చును.

తెలుగున ఈ నాటకమును నాగభూషణము ఏండ్లతరబడి ఊరూర ప్రదర్శించెను. ‘రక్తకన్నీరు నాగభూషణం’ అనుటయే ఆయనకు బిరుదై నిలిచెను.

ఇంత మేలు చేసిన కథలో ఒక్క దోషము మాత్రము దాగియున్నది. కుష్ఠువును అది పాపఫలముగా చూపెను. ఆ రోగము సూక్ష్మజీవి వలన కలుగునని నార్వే వైద్యుడు హాన్సెన్ 1873లోనే కనుగొనెను. అది వేశ్యాసంగమమువలన వచ్చునది కాదు. చికిత్స పొందని రోగితో దీర్ఘకాలము సన్నిహితముగా మెలగినవారిలో కొందరికి మాత్రమే సోకును. పెక్కుమందికి దానిని తట్టుకొను శక్తి సహజముగానే కలదు. 1981లో ప్రపంచ ఆరోగ్యసంస్థ బహుళౌషధ చికిత్సను సూచించినది మొదలు, రోగతీవ్రతనుబట్టి ఆరు లేక పండ్రెండు మాసములు మందు వాడిన నయమగుచున్నది.

అయినను లోకమున వెలి పోలేదు. 1955 నాటి హిందూ వివాహచట్టము కుష్ఠువును విడాకులకు ఒక కారణముగా అంగీకరించెను. ఆ మాటను తొలగించుటకు 2019 దాక పట్టెను. మందు వచ్చినంత వేగముగా మనసు మారలేదనుటకు ఇంతకన్న నిదర్శనమేమి? ఒక్క నాటకమే దీనికి కారణమనుట న్యాయము కాదు. అది నాటి లోకుల నమ్మకమునే వేదిక నెక్కించెను. కాని వేదిక నెక్కిన నమ్మకము మరింత బలపడును గదా!

కావున ఆ చిత్రమును చూడుడు. తల్లిని ఆదరింపుమనియు, ఇల్లాలిని గౌరవింపుమనియు అది చెప్పిన నీతిని గ్రహింపుడు. రోగిని చూచి పాపియనుటను మాత్రము విడిచిపెట్టుడు. నాటకము హృదయమును కదల్చును. గ్రంథము దానికి త్రోవ చూపును. ఊరికి ఈ రెండును కావలెను.