పిప్పళ్ళు, కషాయం, అమ్మ బీపీ మాత్ర

"ఆకులూ వేళ్ళే కదా, సైడ్ ఎఫెక్టులేముంటాయి?" అనే మాట మీరూ వినే ఉంటారు. 2020 లాక్‌డౌన్లో నేనూ అదే అన్నాను. ఆ మార్చిలో ఆయుష్ శాఖ చెప్పిన కషాయంలో మిరియాలు, శొంఠి ఉన్నాయి. నేను అతితెలివికి పోయి పిప్పళ్ళు కూడా దంచి కలిపి, అమ్మకి రెండుపూటలా ఇచ్చాను. ఆవిడ అప్పటికే బీపీకి ప్రొప్రనలాల్ వేసుకుంటోంది. వారం తిరిగేసరికి, లేచి నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయంది. డాక్టరుగారు ఫోన్లో అడిగిన మొదటి ప్రశ్న: "కొత్తగా ఏమన్నా మొదలెట్టారా?"

కషాయం ఆపాక తగ్గింది. దానివల్లే అని రుజువేం లేదు గానీ, నాకు మాత్రం పిప్పళ్ళ చరిత్ర తవ్వే పని పడింది.

ఆ పిప్పళ్ళు జి.మాడుగుల సంతలో కొన్నవి. పాడేరు, చింతపల్లి, జి.మాడుగుల కొండల్లో గిరిజన రైతులు పిప్పలి తీగని ముఖ్యంగా వేరు కోసం పెంచుతారు. పిప్పలిమోడి అంటే అదే. కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లకి మిరియాల తీగ పాకిస్తారు. అల్లమూ అక్కడ పండుతుంది. అంటే శొంఠి, పిప్పలి, మిరియం... త్రికటు మొత్తం ఆ కొండల్లోనే ఉందన్నమాట!

మిరియాలకీ పిప్పళ్ళకీ ఘాటునిచ్చేది పైపరిన్. 1819లో దాన్ని విడదీసింది ఓర్‌స్టెడ్. మరుసటేడు కరెంటు తీగ పక్కన దిక్సూచి ముల్లు కదలడం చూపించిన పెద్దమనిషి ఆయనే. 1929లో కార్తీక్ చంద్ర బోస్, అడ్డసరం ఆకుకి పిప్పలి చేరిస్తే ఉబ్బసానికి ఇంకా బాగా పనిచేస్తోందని రాశారు. కారణం కోసం 1970ల చివర్లో జమ్మూ ప్రాంతీయ పరిశోధనాశాలలో సి.కె. అతల్ బృందం వెతికింది. తేలిందేమిటంటే, పైపరిన్ తన పక్కనున్న మందుని రక్తంలోకి ఎక్కువగా చేరుస్తుంది. మందుల్ని విరిచి బయటికి పంపే ఎంజైముల్లో కొన్నిటిని అది అడ్డుకుంటుంది. మన భాషలో గార్బేజ్ కలెక్టర్ని ఆపేసినట్టు!

ఈ గుణం వరమూ అవుతుంది. 2009లో వచ్చిన రిసోరిన్ అనే క్షయ మందులో 10 మిల్లీగ్రాముల పైపరిన్ కలిపి, రిఫాంపిసిన్ మోతాదు 450 నుంచి 200 మిల్లీగ్రాములకి దించారు. అక్కడ లెక్కకట్టి తగ్గించారు. నేనేమో మాత్ర అలాగే ఉంచి పైన కషాయం పోశాను. రోజుకి 20 మిల్లీగ్రాముల పైపరిన్ ఇస్తే ప్రొప్రనలాల్, థియోఫిలిన్ రెండూ రక్తంలో పెరుగుతాయని 1991లోనే ప్రచురించారు. మిరియాల్లో అది సుమారు 5 శాతం. అంటే అర గ్రాము మిరియాల్లోనే అంత ఉంటుంది.

అసలు విషయం ఇంకోటుంది. చరక సంహిత విమానస్థానం మొదటి అధ్యాయంలోనే, అతిగా వాడకూడనివి మూడని ఉంది: పిప్పలి, క్షారం, ఉప్పు. ఆ మూడింటిలో మొదటిది పిప్పలే! కాబట్టి "సైడ్ ఎఫెక్టులుండవు" అన్నది సంప్రదాయం చెప్పిన మాట కాదు, మనం దాని నెత్తిన రుద్దిన మాట.

రసం మానెయ్యమని కాదు నేననేది. రోజూ కషాయమో, చూర్ణమో, పైపరిన్ కలిపిన పసుపు క్యాప్సూలో మొదలెట్టేముందు డాక్టరుకి చెప్పండి. బీపీ, ఫిట్స్, ఆస్త్మా మందులు వాడేవాళ్ళు మరీనూ. అలాగని మాత్రలు సొంతంగా ఆపెయ్యకండి. మా ఇంట్లో ఇప్పుడు అమ్మ మందుల చీటీ మీద మాత్రల కింద కషాయం పేరు కూడా రాస్తున్నాం.